పిండి మీద వేలు పెట్టి చూడాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వాళ్ళు ఫోన్ చేసి, ఒక్కో బ్యాచ్ నుంచి ఒక్కరు పది నిమిషాలు మాట్లాడాలన్నారు. అంశం, "రిటైరైన తర్వాత నేను నేర్చుకున్నది." నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు యోగా గురించి చెప్పారు, సేంద్రియ సాగు గురించి చెప్పారు. నేను నేర్చుకున్నది బ్రెడ్డు చేయడం. అది కూడా కరెంటు మిషన్‌లో. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో కూడా మొదట నవ్వారు.

నా సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. చదివింది ఇక్కడే, జనగామలో. పెళ్ళి చేసుకున్నది మానుకోట అమ్మాయిని. రైలు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా, మా అత్తగారి ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ ఆ పేరు అనరు. ఉద్యోగం మొదట పాల్వంచలో, తర్వాత భూపాలపల్లి దగ్గర చెల్పూరులో, కాకతీయ థర్మల్ ప్లాంటులో. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడూ అప్పుడు వరంగల్ జిల్లాయే. 2016 అక్టోబర్ 11న మూడూ మూడు జిల్లాలయ్యాయి. ఆ రోజు నుంచి నా చదువు ఒక జిల్లా, నా అత్తగారిల్లు ఒక జిల్లా, నా జీతం ఒక జిల్లా.

మన చిన్నప్పుడు రొట్టె అంటే జొన్నరొట్టె. బేకరీలో దొరికే దాన్ని డబల్ రొట్టె అనేవాళ్ళం, అది జ్వరం వస్తేనే ఇంటికి వచ్చేది. పాలలో ముంచి పెట్టేవాళ్ళు. ఎంజీఎం ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోతే చేతిలో ఒక బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు. పెళ్ళిలో డబల్ కా మీఠా తింటే మాత్రం అదే బ్రెడ్డు రాజభోగం. అంతే తప్ప, బ్రెడ్డును ఇంట్లో చేయవచ్చని మనలో ఎవరికీ తోచలేదు.

నేను రిటైరై జనగామ వచ్చిన ఏడాదికి మా ఇంటామెకు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, నడక కొంత వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. దాని అర్థం ఏమిటో నాకు నెల రోజులకు గాని తెలియలేదు. మనం అన్నం తినేది కుడి చేత్తో. కలుపుకునేది, ముద్ద చేసుకునేది ఆ చేత్తోనే. ఎడమ చేత్తో పళ్ళెం ముట్టుకోవద్దని మన అమ్మలు వీపు మీద రెండు వేసి మరీ నేర్పారు. అరవై ఏళ్ళ మనిషి ఇప్పుడు ఎడమ చేత్తో తినాలి. ఆమె తినలేకపోయింది. నేను కలిపి పెడతానంటే, "నేనేమన్నా చంటిపిల్లనా?" అనేది. చెంచా ఇస్తే అన్నం చీరె మీద పడేది. చుట్టాలు వస్తే ఆకలి లేదనేది. మనిషి చిక్కిపోయింది. నాకు వంట రాదు. కర్రీ పాయింటు నుంచి కూర తెచ్చి, కుక్కర్‌లో అన్నం వండి, ఆమె ముందు పెట్టి, ఆమె ఒక మూల కెలికి వదిలేస్తే పళ్ళెం తీసేసేవాణ్ణి.

మా బిడ్డ డాలస్ నుంచి వచ్చి పది రోజులు చూసింది. అందరం చూసిందే ఆమె కూడా చూసింది, కానీ ఒక్క విషయం పట్టుకుంది. "నాన్నా, బిస్కెట్ ఇస్తే అమ్మ ఎడమ చేత్తో పట్టుకుని తింటుంది, సిగ్గుపడటం లేదు. కలుపుకునే పని లేదు కదా" అన్నది. మరుసటి రోజు బజారు నుంచి బ్రెడ్డు తెచ్చాను. మా ఇంటామె దాన్ని చూసి, "నాకేమన్నా జ్వరమొచ్చిందా?" అని ముఖం తిప్పుకుంది.

అప్పుడు మా బిడ్డ తన సూట్‌కేసులోంచి మిషన్ బయటికి తీసింది. అమెరికాలో తను వాడుకునేది. చూడటానికి చిన్న బిందె పట్టే పెట్టె. లోపల ఒక గిన్నె, గిన్నె అడుగున తిరిగే చిన్న రెక్క, చుట్టూ వేడి చేసే తీగ. నీళ్ళు, పిండి, ఈస్ట్ వేసి మీట నొక్కితే కలిపేది, పిసికేది, పొంగనిచ్చేది, కాల్చేది అదే.

ఇక్కడ నా పరువు పోయిన సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు పుట్టించే చోట పనిచేసినవాణ్ణి. బిడ్డ బజారుకు పోయింది. నేను ఉత్సాహం ఆపుకోలేక, ప్రయాణాలకు వాడే అడాప్టర్ తగిలించి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. లోపల టప్‌మని శబ్దం, తర్వాత కాలిన వాసన. తిప్పి చూస్తే అడుగున అతికించిన చీటీ మీద రాసి ఉంది, 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని. మన ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టేజీని మార్చదు.

సార్, మీరు వేదిక మీదే ఉన్నారు. మీరు తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద రాసి, నాతో మూడుసార్లు పైకి చదివించారు. పవర్ అంటే వీ స్క్వేర్ బై ఆర్. వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలు. 120కి బదులు 230 పెడితే మూడున్నర రెట్లకు పైగా. ఆ మిషన్ తీగ వేడెక్కేదాకా కూడా ఆగలేదు, ముందే దాని సర్క్యూటు పోయింది. నలభై ఏళ్ళ తర్వాత నాకు ఆ పాఠం మళ్ళీ వచ్చింది, ఈసారి ఫీజు కొంచెం ఎక్కువ. ఇక్కడ పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు తెచ్చిన ఏ వస్తువైనా ముందు తిప్పి అడుగున చదవండి. 100 నుంచి 240 అని ఉంటే సరే. ఫోన్ చార్జర్ల మీద అలాగే ఉంటుంది. 120 అని ఒక్కటే ఉంటే మన ప్లగ్గులో పెట్టకండి.

బిడ్డ తిరిగి వెళ్ళేలోపు 230 వోల్టుల మిషన్ ఒకటి ఇక్కడే తెప్పించింది. ఆమె విమానం ఎక్కిన మర్నాడు మొదటి బ్రెడ్డు పెట్టాను. పుస్తకంలో ఉన్నట్టు గ్రాము తేడా లేకుండా తూచాను. 300 గ్రాముల పిండి, 190 మిల్లీలీటర్ల నీళ్ళు. మూడు గంటల పైన ఆగి తీస్తే వచ్చింది ఇటుక. మా ఇంటి గోడకు ఒకటి తక్కువైతే పెట్టుకోవచ్చు.

మా ఇంటామె దాన్ని ఎడమ చేతి వేలితో నొక్కి చూసింది. "పిండి గట్టిగ కలిసింది. మూత తీసి చూసిన్రా?"

"మిషన్ చూసుకుంటది. మూత తీయొద్దని పుస్తకంల ఉన్నది."

"ఏ పిండి పోసిన్రు?"

"గిర్నీలో పట్టించిన గోధుమ పిండి."

"వాళ్ళు ఏ పిండికి రాసిన్రు?"

చదివితే, వాళ్ళు రాసింది మైదా వంటి తెల్ల పిండికి. మన గిర్నీ పిండిలో పొట్టు ఉంటుంది, రాళ్ళ మధ్య బాగా నలుగుతుంది. అందుకే అది నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ఇది ఆమె ఎక్కడా చదవలేదు. ముప్పై ఏళ్ళు చపాతీ పిండి కలిపిన చెయ్యికి తెలుసు. మూత తీయకూడనిది పిండి పొంగేటప్పుడు, కాలేటప్పుడు. మొదట కలిపేటప్పుడు తీసి చూడవచ్చు, చూడాలి కూడా.

రెండోసారి ఆమెను కుర్చీలో మిషన్ పక్కన కూర్చోబెట్టాను. రెక్క తిరగడం మొదలైన ఐదు నిమిషాలకు ఆపి, మూత తీశాను. ఆమె ఎడమ చేతి చూపుడు వేలు పెట్టి నొక్కింది. "రెండు చెంచాల నీళ్ళు పొయ్యిన్రి." పోశాను. మళ్ళీ తిరిగింది. మళ్ళీ నొక్కింది. "ఇంకొక్కటి." ఆ తర్వాత తన చెవితమ్మె పట్టుకుని చూపించింది. "ఇట్ల ఉండాలె. వేలికి అంటినట్టే ఉండాలె, అంటొద్దు."

ఆ రోజు వచ్చిన బ్రెడ్డు పొంగింది. కాలుతున్నప్పుడు ఇల్లంతా వాసన నిండి, పక్కింటివాళ్ళు ఏం చేస్తున్నారని అడిగారు. గంటసేపు చల్లారనిచ్చి కోశాను. మా ఇంటామె ఒక ముక్క ఎడమ చేత్తో తీసుకుని, నాకేసి చూడకుండా, నెమ్మదిగా మొత్తం తిన్నది. ఇంకో ముక్క అడిగింది. జ్వరం మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

ప్లాంటులో మేం బొగ్గును మిల్లుల్లో వేసి పిండిలా నూరి, గాలితో బాయిలర్‌లోకి ఊదుతాం. భూపాలపల్లి గనుల్లోంచి వచ్చే బొగ్గు అలా మెత్తని పిండై మండితేనే, 540 డిగ్రీల ఆవిరై టర్బైన్ తిప్పుతుంది. మొదట 500 మెగావాట్ల యూనిట్, తర్వాత 600 మెగావాట్ల యూనిట్ వచ్చాయి. కంట్రోల్ రూమ్ నిండా తెరలు, అంకెలు. అయినా కొత్త కుర్రాళ్ళు షిఫ్టులోకి వస్తే నేను చెప్పే మొదటి మాట, "తెర చూసింది చాలు, కిందికి పోయి పంపు మీద చెయ్యి పెట్టు" అని. బేరింగ్ పాడవబోతుంటే, అంకె మారకముందే అరచేతికి తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ ఒక కొన బేరింగ్‌కు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుంటే లోపలి గరగర వినిపిస్తుంది. అది నాకు నేర్పిన పాత ఫోర్‌మన్‌కు నేను జీవితాంతం దండం పెట్టాను.

మరి మా ఇంట్లో, పిండి మీద వేలు పెట్టి చెప్పే మనిషి ముప్పై ఏళ్ళు నా ఎదురుగా ఉన్నది. ఒక్కనాడైనా ఆమె పక్కన నిలబడి, ఎట్ల చేస్తున్నావని అడగలేదు. ఆమె చెయ్యి పడిపోయిన తర్వాత, ఒక మిషన్ మధ్యలోకి వచ్చిన తర్వాత అడిగాను.

తర్వాత ఆ మిషన్ పుట్టుక గురించి చదివాను. ఇంట్లో వాడుకునే ఈ కరెంటు బ్రెడ్డు మిషన్ 1987లో జపాన్ బజారులోకి వచ్చింది. చేసింది మత్సుషిత కంపెనీ, ఇప్పటి పానాసోనిక్. మొదట వాళ్ళకూ ఇటుకలే వచ్చాయి. పైన మాడటం, లోపల పచ్చిగా ఉండటం. మిషన్ పిసికిన పిండిని, చేయి తిరిగినవాళ్ళు పిసికిన పిండిని పక్కపక్కన పెట్టి ఎక్స్‌రేలు కూడా తీశారట. తేడా ఎక్కడో అంతు చిక్కలేదు. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒక మాట అన్నది. ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ బ్రెడ్డుకు ఊళ్ళో మంచి పేరు, అక్కడి పెద్ద వంటవాడి దగ్గర నేర్చుకుందాం అని. ఆమె పోయి ఆయన దగ్గర శిష్యరికం చేసింది. చేయగా చేయగా కనిపెట్టింది. ఆయన పిండిని సాగదీయడమే కాదు, సాగదీస్తూ మెలిపెడుతున్నాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ మాటల్లో చెప్పలేదు, చెయ్యికి అలవాటు. ఆమె తిరిగి వచ్చి ఇంజనీర్లతో కూర్చుంది. గిన్నె లోపల గోడలకు గాట్లలాంటి అంచులు పెట్టారు, పిండి వాటికి తగిలి మెలి తిరిగేలా. మిషన్ పనిచేసింది. ఇకుజిరో నొనాకా అనే ప్రొఫెసర్ 1991లో దీన్ని పెద్ద కంపెనీలకు పాఠంగా రాశాడు.

అది చదివి మా ఇంటామెకు చెప్తే, "ఆ పిల్ల హుషారే. పోయి నిలబడ్డది" అన్నది. ఆ మాటలో నాకు తగలాల్సింది తగిలింది.

ఇప్పుడు కొంచెం పనికొచ్చే మాటలు. ఇంత విన్న తర్వాత మీలో నలుగురైనా మిషన్ కొంటారు, కొని రెండు నెలల్లో అటక మీద పెడతారు. అలా కాకుండా ఉండాలంటే వినండి.

మా ఇంటి కొలత ఇది. గోధుమ పిండి 200 గ్రాములు, మైదా 100 గ్రాములు, నీళ్ళు 210 మిల్లీలీటర్లు, నూనె ఒక పెద్ద చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా, ఉప్పు ముప్పావు చిన్న చెంచా, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక చిన్న చెంచా. మా మిషన్‌లో ముందు నీళ్ళు, తర్వాత పిండి, పిండి మీద చిన్న గుంట చేసి అందులో ఈస్ట్. ఈస్ట్‌కు నీళ్ళు, ఉప్పు ముందే తగలకూడదు. కొన్ని మిషన్లలో వరస వేరేగా ఉంటుంది, మీ పుస్తకం చూడండి. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పారని నేను ఒకసారి మొత్తం మానేశాను. పిండి అదుపు లేకుండా పొంగి, మూతకు అంటుకుని, నడుమ కూలింది. రుచి సరేసరి, ఈస్ట్‌కు కళ్ళెం వేసేది కూడా ఉప్పే. తగ్గించవచ్చు, మానేయకూడదు.

మన జనగామ ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర లేదు. ఏప్రిల్, మే నెలల్లో వంటింటి వేడికే పిండి తొందరపడి పొంగుతుంది, కాలే సమయానికి కూలిపోతుంది. ఆ రోజుల్లో ఫ్రిజ్ నీళ్ళు పోయండి, ఈస్ట్ పావు వంతు తగ్గించండి. ఈస్ట్ ప్యాకెట్ విప్పాక ఫ్రిజ్‌లోనే పెట్టండి. మిషన్ కూత పెట్టగానే బ్రెడ్డు బయటికి తీయండి, లోపలే ఉంచితే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. అడుగున రెక్క ఇరుక్కుని వస్తే తీసేసి కోయండి. నేను ఒకసారి దాన్ని బ్రెడ్డుతో పాటు కోయబోయి కత్తి మొండి చేసుకున్నాను.

కరెంటు పోతే? మా మిషన్ పది నిమిషాల వరకు గుర్తుంచుకుంటుంది, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెడుతుంది. అంతకు మించితే మర్చిపోతుంది. పిండి పొంగేటప్పుడు పోతే భయం లేదు, పిండి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. కరెంటు వచ్చాక కాల్చే మీట ఒక్కటే నొక్కండి. ఒక బ్రెడ్డుకు అయ్యే కరెంటు, నేను మీటరు దగ్గర నిలబడి చూశాను, అర యూనిట్ లోపే.

ఇక జొన్న. మానుకోట పిల్ల కదా, బ్రెడ్డు ఎంత తిన్నా ఆమెకు జొన్నరొట్టె మీదే మనసు. సగం జొన్నపిండి, సగం గోధుమపిండి వేసి మిషన్‌లో పెట్టాను. మళ్ళీ ఇటుక. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంది, పిసికితే అది వలలా అల్లుకుని ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచుతుంది. జొన్నలో ఆ జిగురు లేదు, గాలి నిలవదు. 300 గ్రాముల్లో 50 గ్రాముల జొన్నపిండి కలిపితే బాగానే వస్తుంది, మంచి వాసన కూడా. అంతకు మించితే మిషన్ వల్ల కాదు.

"మిషన్ వల్ల కాకపోతే మీ వల్ల అయితది. పీట తెచ్చుకోన్రి" అన్నది ఆమె.

జిగురు లేదు కాబట్టే జొన్నపిండిని మరిగే నీళ్ళతో కలుపుతారని అప్పుడు అర్థమైంది. వేడినీళ్ళకు పిండి కొంత ఉడికి, ఆ అతుకే రొట్టెను పట్టి ఉంచుతుంది. చెయ్యి కాలింది. మొదటి రొట్టె పీట మీదే ముక్కలైంది. రెండోది పెనం మీదికి పోతూ విరిగింది. ఆమె కుర్చీలోంచి, "అంచు తట్టున్రి, నడుమ కాదు", "పిండి జల్లున్రి", "ఇప్పుడు పైన తడి చెయ్యి రాయిన్రి" అని చెప్తూనే ఉంది. మూడు నెలలు పట్టింది గుండ్రంగా రావడానికి. అదీ జనగామ జిల్లా మ్యాపులాగే ఉంటుందని మా బావమరిది అంటాడు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. పొద్దున మిషన్ బ్రెడ్డు, రాత్రి నేను చేసిన జొన్నరొట్టె. రొట్టె తుంచి పెడతాను, ఆమె ఎడమ చేత్తో తీసుకుంటుంది. చుట్టాలు వచ్చినా ఇప్పుడు వాళ్ళతోనే కూర్చుని తింటుంది. ఎవరైనా వింతగా చూస్తే, "ఈ చెయ్యి కూడా నాదే కదా" అంటుంది. చెయ్యి తిరిగి రాలేదు. వస్తుందని డాక్టర్లు చెప్పనూ లేదు. నేనా మిషన్‌ను వైద్యం అనడం లేదు. పళ్ళెం ముందు ఆమె తల ఎత్తి కూర్చుంటున్నది. నాకు అదే చాలు.

మిత్రులారా, మనం యాభై ఏళ్ళ పండుగ చేసుకుంటున్నాం. మనలో ప్రతి ఒక్కరి ఇంట్లో, పుస్తకంలో రాయని ఏదో ఒక పని చేత్తో తెలిసినవాళ్ళు ఒకరున్నారు. పచ్చడి పాలు తెలిసిన అమ్మ, విత్తనం అరచేతిలో పోసుకుని చెప్పే నాన్న, పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బ ఎంత వేయాలో తెలిసిన మన క్లాసువాడు. వాళ్ళ పక్కన ఈ నెలలోనే ఒకరోజు నిలబడండి. వాళ్ళ చెయ్యి ఆడుతున్నప్పుడే నిలబడండి. నేను ఆలస్యం చేశాను. నా అదృష్టం, ఆమె నోరు నిలబడింది.

చివరి మాట. అక్కడ టీ బల్ల మీద రెండు బ్రెడ్లు ఉన్నాయి. నిన్న రాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి చేశాను. మా ఇంటామె రెండో వరుసలో కూర్చుని ఉంది. సభకు వస్తూ కారులోనే ఒక ముక్క రుచి చూసి తీర్పు చెప్పింది. రెండో దానిలో నీళ్ళు ఒక చెంచా ఎక్కువయ్యాయట. మీరు తిని, ఆమె చెప్పింది నిజమో కాదో ఆమెకే చెప్పండి.